అపార్ట్‌మెంటు కారిడార్లకు, సెల్లార్లకు ఏ రకం స్ప్రింక్లర్లు పెట్టించాలి?

నిజాంపేట కార్యదర్శి

సభ్యులందరికీ నమస్కారం. మాది హైదరాబాదు నిజాంపేటలో రెండు సెల్లార్లు, స్టిల్టు, ఆపైన పది అంతస్తులు ఉన్న అపార్ట్‌మెంటు. కట్టి పధ్నాలుగేళ్లయింది. బిల్డరు సెల్లార్లలో మాత్రమే స్ప్రింక్లర్లు (మంట పుడితే పైనుంచి నీరు చిమ్మే పరికరాలు) పెట్టి అప్పగించారు. కారిడార్లలో అంతస్తుకొక హైడ్రెంటు (మంటలార్పే నీటి కుళాయి), హోస్ రీలు (చుట్టి ఉంచిన నీటి గొట్టం) తప్ప మరేమీ లేవు. గత నెలలో స్టిల్టులో రాత్రంతా ఛార్జింగుకు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు ఒకటి తెల్లవారుజామున అంటుకుంది. వాచ్‌మన్ మెలకువగా ఉండబట్టి మంట రెండు బళ్లతో ఆగింది గానీ, పొగ మాత్రం మెట్లదారి పట్టుకుని ఐదో అంతస్తు దాకా ఎగబాకింది.

జనరల్ బాడీలో కారిడార్లకు కూడా స్ప్రింక్లర్లు పెట్టించాలని తీర్మానించాము. ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాము. మొదటివారు కారిడార్లన్నిటికీ ఫాల్స్ సీలింగు వేసి, అందులో కనబడకుండా ఇమిడిపోయే కన్సీల్డ్ హెడ్లు (నీరు చిమ్మే కొసలు) పెడతామని, సెల్లార్ల జోలికి పోనక్కరలేదని అంటున్నారు. రెండవవారు కారిడార్లలో పైపు బయటికే కనబడేలా వేసి మామూలు పెండెంట్ హెడ్లు బిగించి, సెల్లార్లలోని పాత హెడ్లన్నీ తీసి అప్‌రైట్ రకం పెడతామంటున్నారు. మొత్తం ఖర్చు దాదాపు ఒకటే. కమిటీలో సగం మంది అటు, సగం మంది ఇటు ఉన్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నీటిలెక్క

కార్యదర్శి గారికి నమస్కారం. స్ప్రింక్లర్ల డిజైను నా వృత్తి. ముందు ఒక అపోహ తొలగించి విషయంలోకి వస్తాను. సినిమాల్లో చూపించినట్టు ఒకచోట పొగ రాగానే భవనమంతా వాన కురవదు. మీరు అడుగుతున్న రకంలో ప్రతి హెడ్డుకూ దాని సొంత గాజు బల్బు ఉంటుంది. అందులోని ద్రవం వేడికి వ్యాకోచించి బల్బు పగిలితే ఆ ఒక్క హెడ్డు మాత్రమే తెరుచుకుంటుంది. పొగకు అది కదలదు.

అందువల్ల హెడ్డును ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే. ఆ చోట కాలేది ఏమిటి, ఆ వేడి బల్బు దగ్గరికి ఎంత త్వరగా చేరుతుంది? వేడిగాలి పైకి లేచి స్లాబు కింద పరుచుకుంటుంది కాబట్టి, రెండో ప్రశ్నకు జవాబు మీ పైకప్పు ఆకారంలోనే ఉంది. అప్‌రైట్ హెడ్డు పైపు మీద నిలబడి నీటిని పైకి చిమ్మితే, పైనున్న రేకు ఆ నీటిని గొడుగులా కిందికి మళ్లిస్తుంది. స్లాబు నగ్నంగా ఉండి పైపులు బయటికి కనబడే సెల్లార్లకు అది సరిపోతుంది. పెండెంట్ కిందికి వేలాడుతుంది, ఫాల్స్ సీలింగు ఉన్నచోట దాని పని. సైడ్‌వాల్ గోడ మీద నుంచి ఎదురుగోడ వైపు చిమ్ముతుంది. కన్సీల్డ్ కూడా పెండెంటే, కాకపోతే ఒక మూత కింద దాక్కుంటుంది.

మీరు ఒక టేపు తీసుకుని సెల్లార్లో స్లాబు అడుగు నుంచి హెడ్డు రేకు దాకా దూరమెంతో, కారిడారు పొడవు వెడల్పులెంతో, అడ్డంగా బీములున్నాయేమో కొలిచి రాయండి. అవి తెలియకుండా రకం చెప్పడం నాడి పట్టకుండా మందు రాయడమే.

విశ్రాంత ఫైర్‌మన్

ముప్పై ఏళ్లకు పైగా అగ్నిమాపక శాఖలో పనిచేసినవాడిగా నా మాట కూడా చేరుస్తున్నాను. మీ స్కూటరు సంఘటనలో పొగ ఐదో అంతస్తుకు చేరిందన్నారే, అసలు విషయం అదే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ లాడ్జిలో మంట కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైతే, చనిపోయిన 8 మంది పైన లాడ్జిలో దిగినవారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో నిల్వ ఉన్న రసాయన డ్రమ్ములు అంటుకుంటే, పైన కాపురముంటున్న 9 మంది పోయారు. కాలేది కింద, ఊపిరాడక ప్రాణం పోయేది పైన.

కాబట్టి డబ్బు ఒక్కదానికే సరిపోతే సెల్లార్లకు, స్టిల్టుకు ముందు పెట్టండి. కారిడారులో మీరు పెట్టుకున్న చెప్పుల స్టాండ్లు, పాత పరుపులు, పిల్లల సైకిళ్లు తీసేస్తే అక్కడ కాలడానికి పెద్దగా ఏమీ మిగలదు, అందుకు పైసా ఖర్చు కూడా లేదు. సెల్లార్లో మాత్రం ఒక్కొక్క కారులో ఇంధనం, ప్లాస్టిక్, టైర్లు, స్పాంజి అన్నీ ఉంటాయి. మొదటి కాంట్రాక్టరు "సెల్లార్ల జోలికి పోనక్కరలేదు" అన్నారంటే, ఆయన కిందికి దిగి చూడనైనా లేదని నా అనుమానం.

గృహాలంకరణ

నేను ఆర్కిటెక్టును. అందం అనగానే అందరూ కన్సీల్డ్ మీద విరుచుకుపడతారు గనుక దాని పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి. ప్రవేశ లాబీ, క్లబ్‌హౌసు వంటి చోట్ల ఫాల్స్ సీలింగు ఎలాగూ ఉంటుంది. అక్కడ కిందికి పొడుచుకొచ్చే హెడ్డుకు నిచ్చెన తగలవచ్చు, పిల్లల బంతి తగలవచ్చు, పెళ్లి రోజు పూలదండ కట్టే కుర్రవాడు దాన్నే మేకులా వాడవచ్చు. ఇది నేను కళ్లారా చూశాను. కన్సీల్డ్ హెడ్డుకు ఆ బాధ లేదు. ధర మామూలు హెడ్డుకు కొన్ని రెట్లు ఉంటుందన్నది నిజమే అయినా, లాబీలో పెట్టేవి పది పన్నెండు మించవు కదా.

పైపుల మేస్త్రి

ఆర్కిటెక్టు గారు చెప్పిన లాబీ వరకు నేనూ ఒప్పుకుంటాను, కారిడార్లకు మాత్రం వద్దు. కారణం రంగు. కన్సీల్డ్ మూతను అంచు చుట్టూ మెత్తటి లోహపు టంకంతో అతికిస్తారు. హెడ్డు 68 డిగ్రీలదైతే మూత సుమారు 57 డిగ్రీలకే ఊడి పడిపోవాలి. మూతకూ సీలింగుకూ నడుమ వదిలిన సన్నని సందులోంచి వేడిగాలి లోపలికి పోవాలి. ఐదేళ్లకొకసారి అసోసియేషను రంగులు వేయిస్తుంది. పెయింటరు రోలరు తీసుకుని సీలింగుతో పాటు మూతల మీద కూడా రెండు పూతలు లాగించేస్తాడు. ఒకచోట నేను అలాంటి మూతను గోటితో లాగి చూస్తే, రంగు పాలమీద మీగడలా సాగింది గానీ మూత కదలలేదు. ఆ అంతస్తులో పద్నాలుగింటికి పద్నాలుగూ అంతే. రంగు పడిన హెడ్డును గీకి శుభ్రం చేయకూడదు, తీసేసి కొత్తది పెట్టడమొక్కటే మార్గం.

ఇంకో సంగతి. ఫాల్స్ సీలింగు వేస్తామంటున్నవారు ఏ పదార్థంతో వేస్తారో రాతపూర్వకంగా అడగండి. ఈ మధ్య కారిడార్లలో పీవీసీ ప్యానెళ్లు విరివిగా వేస్తున్నారు. జనం తప్పించుకునే దారి నెత్తిన కాలే ప్లాస్టిక్కు పరిచి, దాని కింద స్ప్రింక్లరు పెట్టడంలో అర్థం లేదు. వేస్తే జిప్సం బోర్డే వేయించండి.

పైపుల విషయంలో కూడా కొటేషను చూసుకోండి. సీపీవీసీ అనే ప్లాస్టిక్ స్ప్రింక్లరు పైపు తేలికైనది, తుప్పు పట్టదు, పని కూడా త్వరగా అవుతుంది. అయితే దానికి అనుమతి ప్రధానంగా ప్రమాద తీవ్రత తక్కువగా ఉండే నివాస భాగాలకే. కార్లు నిలిపే సెల్లార్లో నగ్నంగా వేలాడదీయడానికి కాదు. అక్కడ ఇనుప పైపే ఉండాలి.

లండన్ తెలుగు

ఫైర్‌మన్ గారు పార్కింగు గురించి చెప్పింది ఇక్కడ మేము చూసినదే. 2017 డిసెంబరు 31న లివర్‌పూల్‌లో ఒక బహుళ అంతస్తుల కార్ల పార్కింగులో ఒక్క కారు అంటుకుంటే సుమారు 1,400 కార్లు బూడిదయ్యాయి. అందులో స్ప్రింక్లర్లు లేవు. అమెరికా ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 13 కూడా 2022 కూర్పులో కార్ల పార్కింగును మునుపటి కంటే ఒక మెట్టు పై ప్రమాద తరగతికి మార్చి, చదరపు అడుగుకు పడవలసిన నీటిని పెంచింది. నేటి కార్లలో ప్లాస్టిక్కు ఎక్కువ, పైగా అవి ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా నిలుస్తాయి. నివాస భవనాల సంగతికి వస్తే, 2017 జూన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయిన తరువాత, ఇంగ్లాండులో కొత్త ఫ్లాట్ల భవనాలకు స్ప్రింక్లర్లు తప్పనిసరి అయ్యే ఎత్తును 30 మీటర్ల నుంచి 11 మీటర్లకు 2020లో తగ్గించారు.

ఒక సందేహం కూడా. ఎలక్ట్రిక్ బ్యాటరీ మంటను స్ప్రింక్లరు ఆర్పదని విన్నాను. అలాంటప్పుడు స్టిల్టులో పెట్టి ప్రయోజనమేమిటి?

నీటిలెక్క

మంచి ప్రశ్న. బ్యాటరీ లోపలి సెల్స్‌లో మొదలైన గొలుసు చర్యను పైనుంచి పడే నీరు ఆపలేదన్నది నిజం. బ్యాటరీ పెట్టె మూసి ఉంటుంది, నీరు లోపలికి చేరదు. అయితే పక్కనున్న బళ్లను, స్లాబును, కేబుళ్లను చల్లబరిచి, మంటను ఆ ఒక్క బండికి కట్టడి చేసే పని అది చేస్తుంది. ఫైరింజను వచ్చేలోపు మనకు కావలసింది అదే.

నిజాంపేట కార్యదర్శి

ఆదివారం ఇద్దరం టేపు పట్టుకుని కొలిచాము. కారిడారు పొడవు 32 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. ప్రతి 4 మీటర్లకు అడ్డంగా బీము ఉంది, స్లాబు నుంచి దాని లోతు 45 సెంటీమీటర్లు. సెల్లార్లలో హెడ్లు పెండెంట్ రకం, పైపు కిందికి వేలాడుతున్నాయి. స్లాబు నుంచి హెడ్డు రేకు దాకా కొలిస్తే 52 సెంటీమీటర్లు వచ్చింది. తప్పు కొలిచామేమోనని నాలుగుచోట్ల చూశాము, అన్నిచోట్లా అటూ ఇటూగా అంతే. బల్బులు ఎర్రగా ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల సున్నం చుక్కలు పడ్డాయి.

నీటిలెక్క

ఆ 52 సెంటీమీటర్లే మీ కథంతా చెబుతోంది. ఈ రకం హెడ్డు రేకు స్లాబుకు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. వేడిగాలి స్లాబు కింద పలుచని పొరగా పరుచుకుంటుంది. మీ హెడ్లు ఆ పొరకు కింద వేలాడుతున్నాయి కాబట్టి, మంట బాగా పెరిగి ఆ పొర మందమయ్యేదాకా వాటికి కబురు అందదు. పైపు మార్చనక్కరలేదు. ఉన్న పైపు పైభాగం నుంచి నిలువుగా చిన్న పైపుముక్క లేపి, దాని కొసన అప్‌రైట్ హెడ్డు పెడితే, రేకు స్లాబు దగ్గరికి చేరుతుంది. అప్‌రైట్‌కు మరో లాభముంది. పైపులో కొట్టుకొచ్చే తుప్పు, మట్టి బరువుకు కిందికి దిగుతాయి గనుక పెండెంట్ నోట్లో పేరుకుంటాయి, పైకి లేచిన హెడ్డులోకి ఎక్కవు. మన బోరు నీళ్లతో ఇది చిన్న విషయం కాదు. సున్నం చుక్కలు పడిన హెడ్లు ఎలాగూ తీసేయవలసినవే. అదనంగా, గాలి గొట్టం వెడల్పు 1.2 మీటర్లు దాటినచోట దాని కింద కూడా వేరే హెడ్డు పెట్టాలి.

ఇప్పుడు సెల్లారు నీటి లెక్క. నిమిషానికి చదరపు మీటరుకు 5 లీటర్లు పడాలి, ఒక్కో హెడ్డు 12 చదరపు మీటర్లకు మించి కాపాడకూడదు. అంటే హెడ్డుకు నిమిషానికి 60 లీటర్లు. మామూలుగా దొరికే కె‑80 హెడ్డులో 1 బార్ ఒత్తిడికి 80 లీటర్లు వస్తాయి, ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి నీరు మారుతుంది, కనుక 60 లీటర్లకు కనీసం 0.56 బార్ కావాలి. పంపుకు అతి దూరంగా ఉన్న హెడ్డు దగ్గర, అనేక హెడ్లు ఒకేసారి తెరుచుకున్నప్పుడు కూడా ఆ ఒత్తిడి ఉండాలి.

కారిడారుకు సైడ్‌వాల్ సూచిస్తాను. ఇద్దరు కాంట్రాక్టర్లూ ఇది చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. బీములు లేకుంటే 4.6 మీటర్లకొకటి చొప్పున 7 హెడ్లు సరిపోయేవి. మీకు 45 సెంటీమీటర్ల లోతు బీములున్నాయి కాబట్టి, బీముకూ బీముకూ నడుమ ఒకటి చొప్పున 8 కావాలి. ఒకే గోడ వెంట, ఫ్లాటు తలుపుల పైనుంచి పైపు నడిపి, ప్రతి గడిలోకీ చిన్న ముక్క పైకి లేపి, స్లాబుకు 10 నుంచి 15 సెంటీమీటర్ల కిందుగా సైడ్‌వాల్ హెడ్డు పెడితే, ఫాల్స్ సీలింగు అనే ఖర్చే లేదు. పైపుకు గోడ రంగే వేసుకోండి, హెడ్డుకు మాత్రం వద్దు. ఫాస్ట్ రెస్పాన్స్ రకం, అంటే 3 మిల్లీమీటర్ల సన్న బల్బున్నది తీసుకోండి. మామూలు 5 మిల్లీమీటర్ల బల్బు కంటే అది త్వరగా పగులుతుంది. మనుషులు తప్పించుకునే దారిలో ఆ క్షణాలకు విలువ ఉంది.

పైపుల మేస్త్రి

దానికి నేనొక్కటే చేరుస్తాను. పైపు దాటించడానికి బీముకు రంధ్రం కొడతామని ఎవరన్నా అంటే వాళ్లను అప్పుడే ఇంటికి పంపండి. పైపు బీము కిందుగా పోవాలి, అంతే.

గృహాలంకరణ

సైడ్‌వాల్‌తో నాకు పేచీ లేదు. బల్బు రంగు గురించి ఎవరూ చెప్పలేదేమి? ఎండాకాలంలో మా టెర్రసు మీది లిఫ్టు గది, జనరేటరు గది నిప్పుల కొలిమిలా ఉంటాయి. అక్కడ కూడా ఎర్ర బల్బేనా?

నీటిలెక్క

కాదండీ. ఆ చోట ఉండగల గరిష్ఠ వేడి మీద 30 డిగ్రీలు కలిపి, దానికి దగ్గరగా పై రకం ఎంచుకోవడం ఆనవాయితీ. నారింజ 57, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141 డిగ్రీలు. నీడన ఉండే కారిడార్లకు, సెల్లార్లకు ఎరుపు చాలు. జనరేటరు గదికి, గాజు కప్పున్న లాబీకి పసుపో ఆకుపచ్చో కావాలి. విద్యుత్ ప్యానెళ్ల గదిని మాత్రం వీటితో కలపకండి, దానికి వాయువుతో ఆర్పే వ్యవస్థ వేరే ఉంటుంది. చెత్త జారవిడిచే షూటు ఉంటే దాని పైకొసన, ఆపైన అంతస్తు విడిచి అంతస్తున హెడ్డు ఉండాలి. అందరూ మరిచిపోయేది అదే.

ఏడో అంతస్తు

నేను కార్యదర్శి గారి అపార్ట్‌మెంటులోనే ఉంటాను, తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేసినవాణ్ని. నా తలుపు ముందు హెడ్డు ఏ అర్ధరాత్రో దానంతటదే పగిలి నీళ్లు ఇంట్లోకి, లిఫ్టులోకి పోతే నష్టం ఎవరు భరిస్తారు? పదో అంతస్తుకు నీరు ఎక్కించే సత్తా మన పాత పంపుకు ఉందా?

విశ్రాంత ఫైర్‌మన్

బల్బు ఊరికే పగలడం బహు అరుదు. ఏదైనా గట్టిగా తగిలితేనే ఆ ప్రమాదం. పిల్లలు క్రికెట్ ఆడే స్టిల్టులో హెడ్లకు తీగ పంజరాలు తొడిగించండి. ఒక్క హెడ్డు నుంచి వచ్చేది నిమిషానికి అరవై, డెబ్బై లీటర్లు. అంతస్తుకొక వాల్వు ఉంటే నిమిషాల్లో కట్టేయవచ్చు. హెడ్డు లేకుంటే ఆ మంటకు మేము తెచ్చే గొట్టం నిమిషానికి వందల లీటర్లు పోస్తుంది, అదీ మీ తలుపు పగలగొట్టి.

నీటిలెక్క

పంపు విషయం. దిగువ సెల్లారు నుంచి పదో అంతస్తుకు సుమారు 40 మీటర్లు, అంటే ఎత్తుకే 4 బార్. మీ పంపును హైడ్రెంట్లకు వేసి ఉంటారు. జాతీయ భవన నియమావళి ప్రకారం చివరి హైడ్రెంటు దగ్గర 3.5 బార్ మిగలాలి గనుక, పంపు మంచి స్థితిలో ఉంటే కారిడారు హెడ్లకు ఒత్తిడి చాలుతుంది. అయితే "ఉంటే" అన్న మాట దగ్గరే నాకు భయం. స్ప్రింక్లర్లు విఫలమైన సంఘటనల్లో అన్నిటికంటే సాధారణ కారణం హెడ్డు రకం కాదు, ఎవరో ఎప్పుడో వాల్వు కట్టేసి మరిచిపోవడం. కార్యదర్శి గారూ, సెల్లార్లో పైపు చివర ఒక పరీక్షా వాల్వు ఉంటుంది. అది తెరిచి చూడండి. నీరు నిండుగా రావాలి, 90 సెకన్ల లోపు అలారం మోగాలి, జాకీ పంపు (పైపులో ఒత్తిడి నిలిపే చిన్న పంపు), ఆ తరువాత పెద్ద పంపు వాటంతటవే మొదలవ్వాలి.

నిజాంపేట కార్యదర్శి

ఈ రోజు ఉదయం ఆరు గంటలకు ఏడో అంతస్తు వారిని కూడా వెంటబెట్టుకుని దిగువ సెల్లారుకు వెళ్లాము. పరీక్షా వాల్వు తిప్పగానే బకెట్టు నిండా తుప్పు రంగు నీరు వచ్చింది, తరువాత వేలి మందం ధార, ఆపైన చుక్కలు. అలారం మోగలేదు. పంపు గది గోడ మీది మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది. వెతుకుతూ పోతే స్ప్రింక్లరు పైపు మీది పెద్ద వాల్వు మూసి, గొలుసు చుట్టి, తాళం వేసి ఉంది. నాలుగేళ్ల క్రితం కార్ల మీద నీరు కారుతోందని అప్పటి ప్లంబరు కట్టాడట. ఆయన ఊరు వెళ్లిపోయాడు, తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. గత నెలలో స్కూటరు స్టిల్టులో కాక సెల్లార్లో అంటుకుని ఉంటే, మా తలల మీద ఉన్నవి వట్టి పైపులు.

తాళం కోయించాము. కారుతున్న మూడు జాయింట్లు మేస్త్రి చూసి వెళ్లాడు, బుధవారం మారుస్తాడు. రెండు కొటేషన్లూ పక్కన పెట్టి, సెల్లార్లకు అప్‌రైట్, స్టిల్టుకు పంజరాలతో అప్‌రైట్, కారిడార్లకు సైడ్‌వాల్, లాబీకి మాత్రం కన్సీల్డ్ అని రాసి ఇద్దరికీ మళ్లీ పంపాము. లెక్కల కాగితం, హెడ్ల మీద ఉండే తయారీ సంవత్సరం, ఐఎస్‌ఐ లేదా యూఎల్ నాణ్యతా గుర్తు చూపిస్తేనే బిల్లు అని కూడా చేర్చాము. వాల్వు మూస్తే వాచ్‌మన్ గదిలో గంట మోగే స్విచ్చు పెట్టించమని ఏడో అంతస్తు వారే అడిగారు. అది ఏ కొటేషనులోనూ లేదు. దాని సంగతి తెలిసినవారు రాయగలరు.

పైపుల మేస్త్రి

దాన్ని టాంపర్ స్విచ్ అంటారండీ. మీ వాల్వు బటర్‌ఫ్లై (సీతాకోకచిలుక) రకమైతే స్విచ్చుతో కలిసి వచ్చేదే దొరుకుతుంది, వాల్వునే మార్చేయండి. గేటు వాల్వు అయితే ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.